మూడోసారి అడిగేదాకా

ఐర్లండ్‌లో మా ఊరు డ్రమ్‌షీలన్. అక్కడ ఎవరైనా టీ ఇస్తామంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అడిగితే, నీకెందుకు శ్రమ అంటూ కోటు బొత్తాలు పెట్టుకోవాలి. మూడోసారి అడిగాక, ఏదో వాళ్ల బలవంతం మీద ఒప్పుకున్నట్టు కూర్చోవాలి. ఇది ఎక్కడా రాసిపెట్టి లేదు. మా పిల్లలకి మాటలతో పాటే వచ్చేస్తుంది. మొదటిసారికే సరేనన్నవాణ్ణి ఆశపోతు అంటారు. మూడోసారి కూడా వద్దన్నవాణ్ణి పొగరుబోతు అంటారు. ఈ రెండింటి మధ్య ఉన్న సన్నటి గట్టు మీద జారకుండా నడిచేవాడే మా ఊళ్లో పెద్దమనిషి.

కాహల్ మక్‌పార్ట్‌లిన్ నడిచినంత ఒద్దికగా ఆ గట్టు మీద ఎవరూ నడవలేదు. అలా నడిచి నడిచి ఒక వేసవిలో బురదలో పడ్డాడు. పడ్డవాణ్ణి చూసి ఊరంతా చప్పట్లు కొట్టింది.

అతనికి ఆ విద్య తల్లి నుంచి వచ్చింది. కన్సెప్టా మక్‌పార్ట్‌లిన్ అంటే మర్యాదకి మారుపేరు. భర్త అంత్యక్రియలనాడు చర్చి ఫాదర్ ఆవిడ దగ్గరికి వచ్చి కాస్త టీ తాగమంటే, శవపేటిక పక్కన నిలబడే రెండుసార్లు వద్దంది. మూడోసారి అడిగేలోపు ఫాదర్‌ని ఎవరో పక్కకి పిలిచారు. ఆవిడ ఆ రోజంతా గొంతు తడుపుకోకుండానే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని, ఆవిడ పెంపకమే వేరని తలలు ఊపుతారు. అలా ఊపేవాళ్లలో ఒక్కరికీ ఆ రోజు ఆవిడకో కప్పు టీ అందించాలని తోచలేదు.

అటువంటి తల్లికి పుట్టిన కొడుకు ఇంకెలా ఉంటాడు. ఫుట్‌బాల్ ఆటలో పెనాల్టీ దొరికితే కాహల్, నువ్వే కొట్టు అని తోటివాడు బంతి ఇచ్చాడు. లేదు, నువ్వే కొట్టు అన్నాడు కాహల్. వాడూ మా ఊరివాడే కాబట్టి, అలా ఎలా కుదురుతుంది, నువ్వే అన్నాడు. ఇద్దరూ బంతి ముందు నిలబడి మర్యాదలు చేసుకుంటుంటే, పొరుగూరి నుంచి వచ్చిన రిఫరీ గడియారం చూసుకుని ఈల ఊదేశాడు. నూలా రీగన్ ఒకసారి డాన్సుకి రమ్మని పిలిచింది. నాకెందుకులే అన్నాడు. పాపం ఆ పిల్ల రెండోసారి కూడా పిలిచింది. మూడోసారి పిలిచేలోపు లాంగ్‌ఫర్డ్ నుంచి వచ్చిన ట్రాక్టర్ల వ్యాపారి అడగకుండానే చెయ్యి పట్టుకున్నాడు. ఇప్పుడు నూలాకి కవల పిల్లలు.

కాహల్ గాల్వే వెళ్లి రసాయనశాస్త్రం చదివాడు. మంచి మార్కులు వచ్చాయి. తిరిగి వచ్చి ఊరి బయట కోడిగుడ్లు పెట్టెలకెత్తే కార్ఖానాలో చేరాడు. అతనికి బడిలో చదువు చెప్పాలని ఉండేది. అది అతను ఎవరితోనూ అనలేదు గానీ చూసేవాళ్లకి తెలిసేది. నేను పనిచేసే పబ్ వంటగదికి గుడ్లు దింపడానికి వచ్చినప్పుడు, సోడా రొట్టె ఎందుకు పొంగుతుందో, పొంగనప్పుడు మజ్జిగలో ఏం తక్కువైందో చెప్పేవాడు. నేను పదిహేనో ఏట బడి మానేసినదాన్ని. అర్థమైందని తల ఊపేదాన్ని. అతను నమ్మేవాడు కాదు. ఇంకోలా చెప్పేవాడు. మళ్లీ తల ఊపితే మళ్లీ నమ్మేవాడు కాదు. మూడోసారికి నిజంగానే అర్థమయ్యేది. మర్యాదకి తల ఊపడం ఎలా ఉంటుందో తెలిసినవాడు కాబట్టి, ఆ ఊపుని నమ్మని ఉపాధ్యాయుడయ్యేవాడు. బళ్లో నాకు అలాంటివాడు ఒక్కడు దొరికినా బాగుండేది.

ఉపాధ్యాయ శిక్షణ ఇక్కడ రెండేళ్లు, ఇంగ్లండులో ఒక్క ఏడాది. లంకషైర్‌లో ఒక కాలేజీ అతనికి సీటు ఇస్తామంది. ఫీజుకి అక్కడి ప్రభుత్వమే అప్పు ఇస్తుందట. కానీ గదికీ తిండికీ ఏం చేయాలి? మన ప్రభుత్వం ఇచ్చే సాయం ఈ చదువుకోసం సముద్రం దాటదని తేలింది. పరపతి సంఘంలో అప్పు తీసుకుందామంటే ఒకరు పూచీ ఉండాలి. పూచీ ఉండమని అడగాలంటే నోరు తెరవాలి. ఆ ఇంట్లో నోరు తెరిచేది వద్దని చెప్పడానికే. ఆ ఏడాది వెళ్లలేకపోతే సీటు పోతుంది, మళ్లీ గుడ్లే. కార్ఖానా మేనేజరు అప్పటికే, నీకు షిఫ్టు పెద్దరికం ఇస్తాను తీసుకుంటావా అని ఒకసారి అడిగి ఉన్నాడు. ఇంకో రెండుసార్లు అడిగితే ఆ జీవితం ఖాయమైపోయేది.

ఇక్కడ జార్లత్ బేర్న్ గురించి చెప్పాలి. పబ్ ఆయనదే. పక్కనున్న ఇనుప సామాన్ల కొట్టూ ఆయనదే. వెనకాల శవపేటికల షెడ్డూ ఆయనదే. మా ఊళ్లో బిడ్డ పుట్టినందుకు తాగే గ్లాసూ, బతికినన్నాళ్లు కొట్టుకునే మేకులూ, పోయాక పడుకునే పెట్టె కూడా ఒక్క గుమ్మంలోనే దొరుకుతాయి. ఫుట్‌బాల్ క్లబ్ అధ్యక్షుడు కూడా ఆయనే. ఆయన ధర్మబుద్ధికి గుర్తుగా కోటు పైజేబులో ఒక వంద యూరోల నోటు నాలుగు మడతల మీద ఉంటుంది. ఊరి కుర్రకారు ఎవరు సిడ్నీకో బోస్టన్‌కో బయల్దేరినా, పబ్ ముందు బస్సు ఆగే చోట, నలుగురూ చూస్తుండగా ఆ నోటు తీసి దారిలో ఉంచుకోమంటాడు. వాళ్లు వద్దంటారు. మళ్లీ ఇస్తాడు. మళ్లీ వద్దంటారు. ఈలోపు బస్సు వస్తుంది. అది వచ్చే వేళ ఆయనకి బాగా తెలుసు. ఆ నోటు ఎందరినో సాగనంపింది గానీ ఏ ఒక్క రాత్రీ ఆ జేబు వదిలి బయట పడుకోలేదు.

మక్‌పార్ట్‌లిన్ల ఇల్లు పల్లంలో ఉంటుంది. అక్కడ వాన నిలుస్తుంది గానీ ఇంటర్నెట్ నిలవదు. అందుకని కాలేజీవాళ్లు కంప్యూటర్ తెర మీద మాట్లాడతామన్న రోజు కాహల్ పబ్ వెనక గదిలో కూర్చున్నాడు. తెరకి కనపడకుండా తల్లి పక్క కుర్చీలో ఉంది. కనపడకపోయినా టోపీ, కోటు, చేతిసంచీతో సహా చర్చికి వచ్చినట్టే వచ్చింది. వంటగదికీ ఆ గదికీ మధ్య పళ్లాలు అందించే కిటికీ ఉంది. నేను అక్కడ చెంచాలు తుడుస్తున్నాను. ఆ రోజు చెంచాలన్నీ రెండుసార్లు తుడిచాను.

తెర మీద కనపడినావిడ పేరు మిసెస్ పిక్‌ఫర్డ్. పొట్టి జుట్టు, కళ్లజోడు, పని తెలిసిన ముఖం. ఆమ్లాల గురించి అడిగింది, అల్లరి పిల్లల్ని ఎలా దారికి తెస్తావని అడిగింది. కాహల్ చక్కగానే చెప్పాడు. తర్వాత కాగితం తిప్పి అసలు సంగతి అడిగింది.

"మా దగ్గర ఒక నిధి ఉంది. సముద్రం అవతల నుంచి వచ్చేవాళ్ల బసకీ భోజనానికీ ఒక పెద్దావిడ రాసిచ్చి పోయారు. మీకు అర్హత ఉంది. మీ పేరు వెయ్యమంటారా?"

"అయ్యో, వద్దండీ," అన్నాడు కాహల్. "నాకెందుకు. నాకంటే అవసరమున్నవాళ్లు ఉంటారు."

కన్సెప్టా కళ్లు మూసుకుని తల పంకించింది. కొడుకు పాఠం తడబడకుండా అప్పజెప్పినప్పుడు తల్లులు పంకించినట్టే ఉంది.

"అలాగే," అంది మిసెస్ పిక్‌ఫర్డ్. ఏదో రాసుకుంది. రాసుకుని, టీకాలు వేయించుకున్నారా అని అడిగింది.

టీకాలు వేయించుకున్నాడు. అది చెప్పి కాహల్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. రెండోసారి అడిగేవాళ్ల కోసం మావాళ్లు అలాగే కూర్చుంటారు. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఇటువైపు ముగ్గురం ఊపిరి బిగబట్టాం. ఆవిడ తెల్లకోటు కొలత అడిగింది. మాంసం తింటావా అని అడిగింది. దగ్గరలో ఎవరైనా చుట్టాలున్నారా అని అడిగింది. చివరికి, మిమ్మల్ని కలవడం సంతోషంగా ఉందని చెప్పి చెయ్యి ఊపింది. తెర నల్లబడింది. ఆ నల్లటి తెరలో తల్లి టోపీ, కొడుకు ముఖం కనపడుతూ ఉన్నాయి.

కన్సెప్టా అంది, మొదటిసారి కలిసిన మనిషిని ఒకే మాట పదేపదే అడగడం బాగుండదని అనుకుని ఉంటుంది, పద్ధతి గల మనిషిలాగే ఉంది, ఉత్తరం రాస్తుందిలే అని. కాహల్ కూడా అలాగే అనుకున్నాడు. ఇద్దరూ ఉత్తరం కోసం ఎదురుచూశారు. ఆ ఎదురుచూపు ఊరంతా పాకింది. పోస్ట్‌మాన్ సైకిలు దిగకముందే రాలేదని తల అడ్డంగా ఊపేవాడు. పబ్‌లో రోజూ ఇదే చర్చ. ఇంగ్లీషువాళ్లు రెండోసారి ఎన్నాళ్లకి అడుగుతారు? ఒకరు పదిహేను రోజులన్నారు. ఇంకొకరు, వాళ్లకి ఆ అలవాటే లేదేమో అన్నారు. అది నమ్మడానికి ఎవరూ సిద్ధంగా లేరు. అంత మొరటు జాతి ప్రపంచాన్ని ఎలా ఏలిందని అడిగారు.

జార్లత్ గ్లాసు తుడుస్తూ తేల్చిచెప్పాడు. "మన గడ్డ మీంచి పొమ్మని చెబితే వాళ్లకి వినపడటానికి ఏడువందల ఏళ్లు పట్టింది. మనవాడు వద్దన్నది మాత్రం ఒక్కసారికే వినపడింది చూడు."

ఉత్తరం రానే వచ్చింది. ఏయే బట్టలు తెచ్చుకోవాలో ఉంది. గొడుగు తెచ్చుకోమని ఉంది. గొడుగు సంగతి మాకు చెప్పేంత చనువు తీసుకున్నవాళ్లు, నిధి సంగతి మాత్రం ఎత్తలేదు. తనంతట తాను రాసి అడగమని నేను కాహల్‌తో అందామనుకున్నాను. గుడ్ల పెట్టెలు దింపి అతను వెళ్లిపోయేదాకా అందామనే అనుకున్నాను.

అప్పుడు జార్లత్ రంగంలోకి దిగాడు. మన కుర్రాణ్ణి మనం పంపుకోలేమా అన్నాడు. క్లబ్ తరఫున విరాళాలు ఎత్తుదామన్నాడు. కన్సెప్టా ఇంటికి స్వయంగా వెళ్లి అడిగాడు. ఆవిడ రెండుసార్లు వద్దంది. ఆయన ఓపిగ్గా మూడోసారి అడిగాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని ఒప్పుకుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మూడోసారి అడగాలని జార్లత్‌కి తెలియకపోవడం కాదు.

ఆవు పేడ పందెం పెడదామన్నారు. ఇది మా వైపు మామూలే. పచ్చిక మైదానం మీద సున్నంతో గళ్లు గీస్తారు. మనిషికో గడి కొనుక్కుంటారు. తర్వాత ఒక ఆవుని మైదానంలోకి వదులుతారు. అది ఎవరి గడిలో పేడ వేస్తే వాళ్లకి బహుమతి. మిగిలిన డబ్బు ఏ పని కోసం ఎత్తారో ఆ పనికి పోతుంది. పోస్టర్లు వేశారు. వాటి మీద కాహల్ ఫొటో తపాలా బిళ్లంత, పబ్ పేరు ఎండుగడ్డి మోపంత. ఊరికి ఇంత భారం పెట్టి ఊరికే ఎలా కూర్చుంటామని కన్సెప్టా తన ఆవునే తోలుకొచ్చింది.

అది కూడా ఆ ఇంటి ఆవే. ఆదివారం మధ్యాహ్నం ఊరు ఊరంతా వానకోట్లు వేసుకుని చుట్టూ నిలబడి చూస్తుంటే, దానికి మొహమాటం వేసింది. గళ్ల మధ్య ఒద్దికగా నడిచింది. గడ్డి కూడా ఒక కొసన పట్టి కొంచెమే కొరికింది. జార్లత్ మైకులో బతిమాలాడు. ఫాదర్ మీద ఒట్టు పెట్టాడు. క్యాబేజీ ఆకులు తెచ్చి పెట్టారు. ఆవు వాసన చూసి ముఖం తిప్పుకుంది. మూడోసారి పెట్టాక తింది. సాయంత్రం కావస్తుంటే జనం విసుగెత్తి శాండ్‌విచ్‌ల కోసం క్లబ్ హాల్లోకి వచ్చేశారు. ఎవరూ చూడటం లేదని తెలుసుకుని అది ఎంచుకున్న గడి బెర్నీది. బెర్నీ జార్లత్ భార్యకి చెల్లెలు.

బెర్నీకి బహుమతి ఇవ్వబోతే, ఈ డబ్బు కూడా కాహల్‌కే చేర్చండి అంది. ఊరంతా ఆహా అంది. తీసుకో అన్నాడు జార్లత్. ఆ పిల్లాడికే పోనీ బావా అంది. పందెం పందెమే తీసుకో అన్నాడు మూడోసారి. తీసుకుంది. అంతా పద్ధతిగా జరిగింది. నేను హాలు పక్క వంటగదిలో రొట్టెలకి వెన్న రాస్తూ చూశాను.

తర్వాత అసలు ఘట్టం. తలుపంత అట్ట మీద బ్యాంకు చెక్కులా రంగులు వేసి, కాహల్ పేరు పెద్ద అక్షరాలతో రాయించి తెచ్చారు. జిల్లా పత్రిక ఫొటోగ్రాఫర్ వచ్చాడు. జార్లత్ ఉపన్యాసం ఇచ్చాడు. అందులో క్లబ్ గురించి చాలా ఉంది, డ్రెస్సింగ్ రూము పైకప్పు కారడం గురించి ఇంకా చాలా ఉంది. చివర్లో కాహల్ పేరు వచ్చింది. కాహల్ వేదిక ఎక్కాడు. పెళ్లికి తీసుకున్న సూటు వేసుకున్నాడు, వేరేవాళ్ల పెళ్లికి.

"ఇదిగో నాయనా, మన ఊరి కానుక," అన్నాడు జార్లత్.

ఇంత ఎందుకు, నేను దీనికి తగను అన్నాడు కాహల్. హాలంతా మురిసింది.

"తీసుకోరా."

"లేదు జార్లత్. క్లబ్‌కి ఎన్నో అవసరాలు ఉంటాయి."

నేను జార్లత్ ముఖం చూశాను. శవపేటిక మూత దింపే ముందు ఆయన ముఖంలోకి ఒక నెమ్మది వస్తుంది. ఏడ్చేవాళ్లు కాస్త ఊపిరి తీసుకున్న క్షణం చూసి, అప్పుడు దింపుతాడు. అదే నెమ్మది ఇప్పుడూ వచ్చింది. ఆయన కాహల్ వైపు నుంచి జనం వైపు తిరిగాడు.

"విన్నారా? ఇలాంటి కుర్రాణ్ణి ఎక్కడైనా చూశారా? సముద్రం దాటి వెళ్లబోతూ కూడా మన పైకప్పు గురించే ఆలోచిస్తున్నాడు. అతని మాట కాదనడానికి మనమెవరం."

జేబులోంచి లావుపాటి నల్ల పెన్ను తీశాడు. ఆ పెన్ను అప్పటికప్పుడు ఆ జేబులో మొలవలేదు. కాహల్ పేరు కొట్టేసి దాని పైన క్లబ్ పైకప్పు అని రాశాడు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫర్ దగ్గరగా జరగమన్నాడు. అట్టకి ఒక కొస జార్లత్, ఇంకో కొస కాహల్ పట్టుకున్నారు. కాహల్ నవ్వుతున్నాడు. ఆ నవ్వు పళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. ఆ ఫొటో పబ్‌లో బాణాలాట బోర్డు పక్కన ఇప్పటికీ ఉంది.

జరిగిందేమిటో ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మూడో మాట మింగేశారని ఫాదర్‌కి తెలుసు, బెర్నీకి తెలుసు, చివరి వరసలో నిద్రపోతున్న ముసలాయనకి కూడా తెలుసు. మిసెస్ పిక్‌ఫర్డ్ తెలియక చేసింది. జార్లత్ తెలిసి చేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనాలంటే ముందు వాళ్ల అభిప్రాయం చెప్పమని ఎవరో మూడుసార్లు అడగాలి కదా.

కన్సెప్టా మాత్రం వంటగదిలోకి వచ్చింది. కప్పులు కడగడానికే వచ్చి ఉంటుంది. ఎవరింట్లో విందైనా ఆవిడ చేయి సింకులోనే ఉంటుంది. కానీ చేతులు కదలలేదు. మా అందరికీ నోటికొచ్చే మాటే అడిగాను.

"టీ తాగుతారా, మిసెస్ మక్‌పార్ట్‌లిన్?"

"తాగుతాను," అంది.

మొదటిసారి అడిగేటప్పుడు మా ఊళ్లో ఎవరూ నీళ్లు పెట్టి ఉంచరు. రెండోసారికి కెటిల్ మీట నొక్కుతారు, మూడోసారికి మరుగుతాయి. నేను గబగబా మీట నొక్కాను.

"చక్కెర రెండు చెంచాలు వెయ్యి, ఊనా. హామ్ శాండ్‌విచ్‌లు మిగిలాయా?"

మిగిలాయన్నాను. ఇటు పెట్టమంది. నిలబడే రెండు తింది, అంచులు కూడా వదలకుండా. జార్లత్ అక్క బావల కోసం తీసిపెట్టిన మెత్తటివి అవి. తిని, వేళ్లు తుడుచుకుని, హాల్లోంచి వస్తున్న పాట కాసేపు విని అంది.

"నలభై ఏళ్లుగా ఈ ఊరికి వద్దని చెబుతూ వచ్చాను. నా మాట ఇంత బాగా వింటారనుకోలేదు."

మర్నాడు పొద్దున్నే తల్లీ కొడుకూ పబ్ వెనక గదిలోకి వచ్చారు. ఈసారి ఆవిడ టోపీ పెట్టుకోలేదు. కాహల్ ఆ ఇంగ్లీషావిణ్ణి తెర మీదికి పిలిచాడు. జార్లత్ కొట్టు దగ్గర మేకులు తూస్తున్నాడు. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

మిసెస్ పిక్‌ఫర్డ్ గుర్తుపట్టింది. నిధి మాట ఎత్తేసరికి ఆశ్చర్యపోయింది. "మీరు వద్దన్నారు కదా?"

"అన్నానండీ."

"పేర్లు ఈ వారమే పంపించేస్తాం. ఇప్పుడు కావాలంటారా?"

ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబుందని గోడలకి కూడా తెలుసు. కాహల్ పెదవులు 'వ' అనడానికే తయారయ్యాయి. పాతికేళ్ల అలవాటు అది.

"అంటే, మీకేమైనా శ్రమ అయితే మాత్రం…"

"నాకు శ్రమేమీ లేదు. కావాలా, వద్దా?"

బల్ల కింద కన్సెప్టా చెప్పు కదిలి కొడుకు కాలికి తగిలింది. కాహల్ ముఖం ఎర్రబడింది.

"కావాలి," అన్నాడు. గొంతులో ఇరుక్కున్న చేపముల్లు బయటికి తీసినట్టు ఉంది ఆ మాట.

"మంచిది," అంది మిసెస్ పిక్‌ఫర్డ్, రాసుకుంటూ. "నిజం చెప్పాలంటే మాకూ సంతోషమే. ఆ డబ్బు ఎన్నేళ్లుగానో అలాగే పడి ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన ప్రతివాళ్లూ వద్దనేవారు. మీవాళ్లంతా బాగా కలిగినవాళ్లని అనుకున్నాం."

కన్సెప్టా కుర్చీ జరుపుకుని తెర ముందుకి వచ్చింది.

"నేను వీడి తల్లిని. మేము కలిగినవాళ్లం కాదు. మాలో ఎవరైనా వద్దంటే మళ్లీ అడగండి. అది కూడా రాసుకోండి."

ఆవిడ నిజంగానే రాసుకుంది. దారి ఖర్చులు కూడా ఇస్తాం, కావాలా అని అడిగింది. తల్లీ కొడుకూ ఒక్కసారే కావాలన్నారు.

ఇంక ఊరికి వేరే పని లేకపోయింది. కప్పుకి రేకులు వేయడం పూర్తికాకముందే మక్‌పార్ట్‌లిన్ల పరువు కప్పు ఎగిరిపోయింది. కాహల్ ఓడ ఎక్కకముందే ఇంగ్లీషువాడైపోయాడన్నారు. ముసలాయన గాఫ్నీ సంతాప భోజనంలో పళ్లెం తన ముందుకి రాగానే కన్సెప్టా మొదటిసారికే ఒక శాండ్‌విచ్ తీసుకుందట. గదిలో అంత నిశ్శబ్దం గాఫ్నీ పోయినప్పుడు కూడా లేదని బెర్నీ నాతో చెప్పింది. పాపం ఆ అబ్బాయి క్లబ్‌కి అంత త్యాగం చేస్తే తల్లి ఇలా తయారైందని కూడా అంది. పందెంలో గెలిచిన డబ్బుతో కుట్టించుకున్న కోటు వేసుకుని ఉంది.

సెప్టెంబరు మొదట్లో కాహల్ బయల్దేరాడు. పబ్ ముందు ఎప్పటిలాగే జనం చేరారు. పరువు పోయినవాణ్ణి సాగనంపడానికి ఇంకా ఎక్కువమంది వస్తారు. కన్సెప్టా కొడుకు సంచీలో సోడా రొట్టె కుక్కుతోంది. గొడుగు కూడా పెట్టింది. జార్లత్ గుమ్మంలోంచి కదిలి వచ్చాడు. మలుపు వైపు ఒకసారి చూశాడు. పైజేబులోకి రెండు వేళ్లు పోయాయి. నాలుగు మడతల నోటు బయటికి వచ్చింది. అంచులు అరిగి గుడ్డలా మెత్తబడింది.

"ఇదిగో అబ్బాయ్, దారిలో ఉంచుకో."

చెయ్యి చాచాడు గానీ మోచేయి అప్పటికే వెనక్కి వంగడానికి సిద్ధంగా ఉంది. జనం కూడా, వద్దు అనే మాట కోసం ముందే తలలు ఊపడం మొదలుపెట్టారు. కాహల్ నోటు వైపు చూశాడు. తల్లి వైపు చూడలేదు. ఆవిడ రొట్టె కుక్కుతూనే ఉంది, చెప్పు కదపలేదు.

"సంతోషం జార్లత్," అన్నాడు కాహల్. నోటు తీసుకున్నాడు. మడత విప్పి, బాగానే ఉందో లేదో చూసి, చొక్కా జేబులో పెట్టుకుని బొత్తాం పెట్టుకున్నాడు.

జార్లత్ చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. బస్సు తన వేళకే వచ్చింది. ఎక్కుతున్నావా అని డ్రైవర్ అడిగాడు. ఎక్కుతున్నాను అన్నాడు కాహల్, రెండోసారి అడిగించుకోకుండా.

బస్సు మలుపు తిరిగాక జనం మెల్లగా చెదిరిపోయారు. నేను వంటగదికి వెళ్లి వెన్న బయటికి తీశాను. కాసేపటికి జార్లత్ లోపలికి వచ్చాడు. ఎప్పుడూ అటు రాడు.

"తీసుకున్నాడు," అన్నాడు.

"తీసుకున్నాడు," అన్నాను.

"మొదటిసారికే."

పైజేబు తడుముకున్నాడు. చలిలో తిరిగి వచ్చినవాడిలా ఉన్నాడు. టీ ఇమ్మంటారా అని అడిగాను.

"వద్దులే అమ్మాయ్, నీకెందుకు శ్రమ," అన్నాడు, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

"అలాగే," అన్నాను.